ఇసుక తేలితేనే ఇల్లు

రాజమండ్రిలో గోదావరి గురించి ఏడాది పొడవునా వినిపించే ప్రశ్నలు రెండే. వానాకాలంలో ‘ధవళేశ్వరం దగ్గర ఎన్ని అడుగులుందండీ?’ ఎండాకాలంలో ‘ఇసుక ఎంతకి తోలుతున్నారండీ?’ ఆ నీళ్ల లెక్కకీ ఈ ఇసుక లెక్కకీ మధ్య మిగిలే కాస్త సందులోనే ఒక పక్షి ఇక్కడ కాపురం పెట్టి, గుడ్లు పొదిగి, పిల్లలకి రెక్కలు తెప్పించుకుని వెళ్లిపోతుంది. దాని చుట్టాలు మరికొన్ని చలికాలానికి వచ్చి పోతుంటాయి. పుష్కర ఘాట్‌లో మునిగి లేచేవాళ్ల తలల మీదుగానే ఇవన్నీ తిరుగుతాయి. తెల్లగా ఉంది కాబట్టి కొంగేననుకుని ఎవరి దారిన వాళ్లు పోతారు.

కొంగ ఒడ్డున నిలబడి, చేప తన దగ్గరికి వచ్చేదాకా ఓపిక పడుతుంది. ఇది ఎగురుతూనే వెతుక్కుంటుంది. సన్నటి బూడిద తెలుపు ఒళ్లు, పొడవాటి కోసు రెక్కలు, చీలిన తోక, నెత్తి మీద కళ్లదాకా దిగిన నల్ల టోపీ. ఎగురుతున్నంతసేపూ ముక్కు నీటి వైపే వంచి ఉంటుంది. ఉన్నట్టుండి గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ ఆగుతుంది, తలకిందులుగా నీళ్లలో పడుతుంది, చిన్న పరిగె ఒకదాన్ని పట్టుకుని లేస్తుంది. పక్షుల్ని చూసే అలవాటున్నవాళ్లు వీటిని టర్న్‌లంటారు. రాజమండ్రి దగ్గర ఏడాది మొత్తం మీద వీటిలో నాలుగైదు రకాలు కనిపించవచ్చు. ఏ నెలలో ఏది కనిపిస్తుందన్నది మాత్రం పంచాంగం చూసి చెప్పేది కాదు. ధవళేశ్వరం గేట్లు చూసి చెప్పాలి.

ఊరి పక్కన గోదావరి నదిలా పారేది నాలుగు నెలలే. తక్కిన కాలమంతా అది ఆపి ఉంచిన నీరు. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేసిన ఆనకట్ట, ఆ తర్వాత 1980ల మొదటికి దాని స్థానంలో వచ్చిన బ్యారేజీ, రెండూ చేసిన పని ఒకటే: సముద్రానికి పోయే నీటిని పట్టి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువల్లోకి మళ్లించడం. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు పాయల మీద నాలుగు ముక్కలుగా కట్టిన బ్యారేజీకి మొత్తం 175 గేట్లు. అవి దిగితే రాజమండ్రి ముందు నీరు నిండుగా, ఊరి వెడల్పంత కనిపిస్తుంది. ఎగువ నుంచి వచ్చేది తగ్గి కాలువలు తాగేది పెరిగితే నీరు దిగి, వంతెనల కిందా కాతేరు, కొవ్వూరు వైపులా ఇసుక తిన్నెలు ఒక్కొక్కటే తేలతాయి. బ్యారేజీ దాటి దిగువకి వెళ్తే సంక్రాంతి తర్వాత కనిపించేదంతా ఇసుకే. నది చీలిన గౌతమీ వశిష్ఠల్లో సన్నటి పాయలు, అక్కడక్కడా మడుగులు.

వాన నీళ్లలో పస్తు

జూలైలో భద్రాచలం మీదుగా ఎర్రనీరు దిగితే గేట్లన్నీ పైకి లేస్తాయి. ధవళేశ్వరం దగ్గర మట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 1986 ఆగస్టులో దాదాపు 35 లక్షల క్యూసెక్కులు పారిన వరదని ఇక్కడి పెద్దవాళ్లు ఇంకా కొలమానంగా వాడతారు. బ్రిడ్జి లంక, కేతావారి లంక, వెదుర్లమ్మ లంకల మనుషులు పిల్లాజెల్లాతో, గేదెలతో ఊళ్లోకి వచ్చేది అప్పుడే. టర్న్‌లు కూడా ఆ రోజుల్లోనే నదిని వదిలిపోతాయి. అవి చేపని కంటితో చూసి పడతాయి. బురద నీటిలో కన్ను పనిచెయ్యదు, వాలి నిలబడటానికి ఇసుకా మిగలదు. చెరువులకీ నీళ్లు నిలిచిన పొలాలకీ చెదిరిపోతాయి. తమాషా ఏమిటంటే, ఊరంతా చేపల గురించి ఎక్కువగా మాట్లాడుకునే రోజులు కూడా ఇవే. ఎర్రనీటికి ఎదురీదుతూ వచ్చే పులసల కోసం జనం ఒడ్డున కాచుకుని కూర్చునే వారాల్లో, అదే నది మీద చేపలు పట్టి బతికే పిట్టకి తిండి ఉండదు.

అసలు వాన వెలిసే ముందే మొదటి బృందం దిగడం మొదలుపెడుతుంది. ఆగస్టు, సెప్టెంబరు నుంచి వచ్చేవి విస్కర్డ్ టర్న్‌లు. కాశ్మీరు, అస్సాం చిత్తడి నేలల్లోనూ, ఇంకా ఉత్తరాన మధ్య ఆసియాలోనూ పిల్లల్ని చేసుకుని చలికాలానికి దక్షిణానికి దిగే జాతి ఇది. కొల్లేరులో, డెల్టా చేపల చెరువుల మీదా, గోదావరిలో నిలిచిన నీటి మీదా గుంపులుగా తిరిగేవి ఎక్కువగా ఇవే. అరచేతి కంటే కాస్త పెద్ద ఒళ్లు, పొట్టి తోక, అందులో చీలిక అంతంత మాత్రం. తలకిందులుగా పడి మునగడం వీటికి పెద్దగా అలవాటు లేదు. నీటి మీద వాలీ వాలనట్టు వంగి ముక్కుతో పైపైన అందుకుంటాయి. చలికాలంలో నల్ల టోపీ సగం ఊడిపోయి కంటి వెనక మరకలా మిగులుతుంది. దాంతో కొత్తగా చూసేవాళ్లు ఇది వేరే పక్షి అనుకోవడం మామూలే.

కార్తీక మాసానికి నీరు తేటపడుతుంది. గేట్లు దిగుతాయి. ఘాట్లలో దీపాలు వదిలే తెల్లవారుజాముల్లో నది మీద మంచు పొర నిలిచి ఉంటుంది. అప్పుడు టర్న్‌ల కంటే ముందు వాటి బంధువులు గల్‌లు కనబడతాయి. లావు ఒళ్లు, నీటి మీద తేలుతూ కూర్చునే తీరు, మరమరాలు వేసినా గారెముక్క వేసినా ఎగబడే స్వభావం వాటివి. టర్న్ మనిషి పెట్టేది ముట్టదు. బతికి కదిలే చేపే కావాలి. ఫొటోలకి గల్‌లే ఎక్కువ దొరకడానికీ, టర్న్‌లు పేరు లేకుండా ఉండిపోవడానికీ ఇదొక కారణమని నా అనుమానం.

చలికాలంలో ఇంకొకటి వస్తుంది, గల్-బిల్డ్ టర్న్. ముక్కు నల్లగా, లావుగా, పొట్టిగా ఉంటుంది. ఒళ్లు దాదాపు తెలుపు. దీన్ని నది మీద కంటే దాళ్వా (రబీ వరి) చేల మీద వెతకడం మంచిది. నాట్లకి దమ్ము చేస్తున్న పొలంలో ట్రాక్టరు వెనక కొంగలు నేల మీద నడుస్తుంటే, వాటికి పైన ఇది ఎగురుతూ వచ్చి పురుగునో చిన్న ఎండ్రకాయనో తన్నుకుపోతుంది. టర్న్ అంటే చేపలు తినేదే అన్న లెక్క దీనికి సరిపోదు. సాయంత్రానికి మిగతావాటితో కలిసి తిన్నె మీద వాలుతుంది. తిన్నె మీద వరసగా నిలబడిన గుంపులో ఎర్రని పెద్ద ముక్కుతో, అందరికంటే ఒక తల ఎత్తు ఎక్కువ ఉన్నది కనబడితే అది కాస్పియన్ టర్న్. ప్రపంచంలో టర్న్‌లన్నింటిలోకీ పెద్దది. దాని అసలు చోటు కాకినాడ తీరం, కోరంగి మడ అడవుల ముందుండే బురద నేలలు. ఊరి దాకా వస్తే అది ఆ రోజు అదృష్టమనుకోవాలి.

వేసవి కాపురం

ఇప్పటిదాకా చెప్పినవన్నీ వచ్చి పోయేవి. ఊరి సొంత పక్షి మాత్రం రివర్ టర్న్. ఇది సముద్రం జోలికి దాదాపు పోదు. పాకిస్తాన్ నుంచి ఆగ్నేయాసియా దాకా పెద్ద నదుల వెంటే దీని బతుకు. ఫిబ్రవరిలో దీన్ని చూడాలి. నిమ్మపండు పసుపు ముక్కు, ఎర్రని కాళ్లు, కారు నల్ల టోపీ, వెనక రెండు సన్నని ఈకలు పొడవుగా సాగిన తోక. మగది చేప పట్టి తినదు. నోట కరుచుకుని తిన్నె మీద కూర్చున్న ఆడదాని చుట్టూ తిరిగి, దిగి, అందించి, అది పుచ్చుకునేదాకా పక్కనే మెడ చాచి నిలబడుతుంది. పుచ్చుకోకపోతే మళ్లీ లేచి వెళ్తుంది. పిల్లల తండ్రిగా మున్ముందు ఎన్ని చేపలు మోయగలడో ఆడది ముందే చూసుకునే ఏర్పాటని శాస్త్రవేత్తలు అంటారు. పెళ్లిచూపుల్లో జీతం అడగడం ఒక్క మనకే ఉందనుకోవడం పొరపాటు.

గూడు అనదగ్గది ఏమీ ఉండదు. ఇసుకలో పొట్ట ఆనించి తిరిగి చేసిన చిన్న గుంట. అందులో రెండు మూడు గుడ్లు. ఇసుక రంగు మీద గోధుమ, నలుపు మచ్చలు. పది అడుగుల దూరంలో నిలబడినా కంటికి ఆనవు. అదే తిన్నె మీద లిటిల్ టర్న్‌లు కూడా గుడ్లు పెడతాయి. ఇక్కడ కనిపించేవాటిలో అన్నిటికంటే చిన్న టర్న్ అది, జానెడు పొడవు. పసుపు ముక్కుకి నల్లటి కొన, నుదుటి మీద తెల్లటి మచ్చ, గాలిలో నిలబడ్డప్పుడు రెక్కలు మిగతావాటికంటే చాలా వేగంగా కొట్టుకుంటాయి. వీటి పక్కనే ఇసుక రంగులో కలిసిపోయే చిన్న ప్రాటిన్‌కోల్‌లు, ఒడ్డుకి కాస్త ఎడంగా తీతువులు. అందరూ ఒకేచోట ఎందుకంటే కాపలా కోసం. కాకి కనపడినా, గద్ద నీడ పడినా తిన్నె మొత్తం ఒక్కసారి లేస్తుంది. రివర్ టర్న్ మనిషి నెత్తి మీదికి కూడా సూటిగా దూకుతుంది. ముక్కు తగిలించే దాకా వచ్చి పక్కకి తప్పుకుంటుంది.

ఇదంతా ఎప్పుడు జరుగుతోందో గుర్తు చేసుకోవాలి. మార్చి, ఏప్రిల్, మే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని చెప్పుకునే ఊళ్లు ఇవి. మధ్యాహ్నం చెప్పుల్లేకుండా ఆ ఇసుక మీద నాలుగు అడుగులు వెయ్యలేం. ఆ ఇసుకలో గుడ్డు ఉంది. కోడి గుడ్డు మీద కూర్చునేది వేడి ఇవ్వడానికైతే, టర్న్ కూర్చునేది మధ్యాహ్నమంతా నీడ ఇవ్వడానికి. సూర్యుడి వైపు వీపు పెట్టి, రెక్కలు కొంచెం ఎత్తి, నోరు తెరుచుకుని వగరుస్తూ నిలబడుతుంది. ఆగలేనప్పుడు ఎగిరి నీటి మీదికి పోయి పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి, ఆ తడితో గుడ్ల మీద వాలుతుంది. ఆలుమగలు వంతులు వేసుకుని రోజంతా ఈ పనే. పొదిగే కాలం సుమారు మూడు వారాలు. పుట్టిన పిల్ల ఒకటి రెండు రోజులకే గుంట వదిలి పరిగెత్తగలదు, కానీ ఎగరడానికి ఇంకా వారాలు పడుతుంది.

ఇక్కడే ఒక సంగతి పట్టుకోవాలి. తిన్నె మీద పది నిమిషాలు మనిషి నిలబడితే ఏమైపోతుందిలే అనిపిస్తుంది. మనం నిలబడినంతసేపూ పక్షులు పైన అరుస్తూ తిరుగుతాయి. గుడ్ల మీద నీడ ఉండదు. ఎవరూ గుడ్డు తొక్కకపోయినా, ఎవరూ ఎత్తుకుపోకపోయినా లోపలి ప్రాణం ఆ ఎండకే పోతుంది. పడవ కట్టించుకుని తిన్నె మీదికి దిగి, రీల్స్ కోసం ఎగురుతున్న గుంపుని తీసి, ‘ఎంత బాగున్నాయో’ అని పెట్టే వీడియోల్లో ఆ అరుపు వినబడుతుంది. అది సంబరం కాదు.

జానెడు నీటి లెక్క

ఈ పక్షికి కావలసింది చాలా నిక్కచ్చి కొలత. తిన్నె చుట్టూ నీరుండాలి, లేకపోతే ఒడ్డు నుంచి కుక్కలు నడిచి వస్తాయి. నీరు తిన్నె మీదికి రాకూడదు, వస్తే గుడ్లు కొట్టుకుపోతాయి. ఈ రెండు కట్టుబాట్ల మధ్య మూడు నెలలు గడవాలి. నదిని దానంతట దాన్ని వదిలేస్తే ఎండాకాలం పొడవునా నెమ్మదిగా దిగుతుందే తప్ప ఎక్కదు. గోదావరి ఒడ్డు పక్షులు తరతరాలుగా ఆ నమ్మకం మీదే గుడ్లు పెడుతున్నాయి.

ఇప్పటి గోదావరి ఆ నమ్మకాన్ని నిలబెట్టే స్థితిలో లేదు. రబీ చివరి దశలో శివారు ఆయకట్టుకి నీరు అందకపోతే సీలేరు నుంచి నీరు తెప్పిస్తారు. కాలువలకి వంతుల వారీగా వదులుతారు. ధవళేశ్వరంలో ఇంజనీర్లు రోజూ క్యూసెక్కుల లెక్క రాసుకుంటూ చెయ్యవలసిన పని అది. దాళ్వా వరి పొట్ట మీదున్నప్పుడు ఇంకోలా చెయ్యమని ఎవరూ అడగలేరు, అడగకూడదు కూడా. ఏప్రిల్ మధ్యలో కాలువలు కట్టేస్తారు, మళ్లీ జూన్‌లో తెరుస్తారు. ఈ రాకపోకల్లో నీటి మట్టం ఒక వారం జానెడు పైకి, ఇంకో వారం మూరెడు కిందికి ఆడుతుంది. రైతుకి అది లెక్కలోకి రాని తేడా. తిన్నె అంచున గుంట చేసుకున్న టర్న్‌కి అది ఆ ఏటి సంతానం. మొదటి విడత పోయినా మళ్లీ పెడుతుంది గానీ, ఆలస్యమైన కొద్దీ మృగశిర వానలు దగ్గరపడతాయి.

2021 జూన్ నుంచి ఎగువన ఇంకో చెయ్యి పడింది. పోలవరం దగ్గర నది తన పాత దారి వదిలి 48 గేట్ల స్పిల్‌వే మీదుగా మళ్లింది. ప్రాజెక్టు పూర్తయి జలాశయం నిండితే రాజమండ్రికి వచ్చే నీరు ఎప్పుడు, ఎంత అనేది అక్కడ నిర్ణయమవుతుంది. నీటితో పాటు వచ్చే ఇసుకలో పెద్ద భాగం జలాశయంలోనే కూర్చుండిపోతుంది. ఆనకట్టలు కట్టిన ప్రతి నదిలోనూ జరిగేదే ఇది. గోదావరి డెల్టాకి చేరే మట్టి, ఇసుక దశాబ్దాలుగా తగ్గుతున్నాయని, తీరం కోతకి అదొక కారణమని పరిశోధకులు చెబుతూనే ఉన్నారు. తిన్నెలు పాతవి అరిగిపోయి కొత్తవి ఏర్పడకపోతే గేట్లు ఎంత జాగ్రత్తగా తిప్పినా పక్షికి చోటుండదు.

ఉన్న ఇసుక సంగతి అందరికీ తెలిసిందే. ర్యాంపు అన్న మాటకి గోదావరి జిల్లాల్లో ఒకటే అర్థం, ఇసుక రేవు. పడవలు నది మధ్యకి వెళ్లి నీటి అడుగు నుంచి బకెట్లతో తోడుకొచ్చేది ఒక రకం. నీరు దిగాక ఇసుక మీదికి బాట వేసి ట్రాక్టర్లు, లారీలు దిగేది రెండో రకం. టర్న్ కోణం నుంచి చూస్తే రెండోది చాలా పెద్ద కష్టం. తీసిన ఇసుక కంటే వేసిన బాట ఎక్కువ చేటు చేస్తుంది. నీరు అడ్డుగా ఉండి ఇన్నాళ్లూ ద్వీపంగా ఉన్న తిన్నె ఆ బాటతో ఒడ్డుకి అతుక్కుంటుంది. బండ్ల వెనక మనుషులు, మనుషుల అన్నం మూటల వెనక కుక్కలు, పుచ్చపాదులున్న చోట పశువులు. కొత్త తవ్వకాలకి అనుమతి ఇచ్చేటప్పుడు మార్చి నుంచి మే దాకా ఫలానా తిన్నె ముట్టవద్దు అని ఒక్క వాక్యం రాసి, దాన్ని అమలు చేస్తే చాలా వరకు సరిపోయే సమస్య ఇది. దానికి ముందు ఏ తిన్నె మీద ఎన్ని గూళ్లున్నాయో ఎవరో ఒకరు చూసి చెప్పాలి.

అక్కడే మనం వెనకబడి ఉన్నాం. దేశంలో నీటి పక్షుల్ని లెక్కపెట్టే పెద్ద కార్యక్రమం ఆసియా నీటి పక్షుల గణన, 1987 నుంచి జరుగుతోంది. అది ప్రతి ఏటా జనవరిలో. వలస పక్షుల కోసం పెట్టుకున్న నెల కాబట్టి విస్కర్డ్ టర్న్‌లు, గల్-బిల్డ్‌లు బాగానే లెక్కకి వస్తాయి. ఇంటి పక్షి అసలు కథ మొదలయ్యేది ఆ లెక్క ముగిశాక. ఎండలో నది ఒడ్డున నిలబడి ఏప్రిల్లో లెక్కపెట్టడానికి ఉత్సాహం ఉన్నవాళ్లు తక్కువ, కారణం అర్థం కానిదేమీ కాదు. కానీ రివర్ టర్న్ ఇప్పుడు అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం (ఐయూసీఎన్) జాబితాలో ‘ముప్పు పొంచి ఉన్న’ జాతుల్లోకి వచ్చింది. ఇంత విరివిగా కనిపించే పక్షికి ముప్పేమిటి అనిపించడం సహజం. ఎదిగిన పక్షులు ఏళ్ల తరబడి బతుకుతాయి. పిల్లలు ఒక్కటీ దక్కకపోయినా కొన్నేళ్ల దాకా నది మీద పెద్దవి ఎగురుతూనే ఉంటాయి. అవి ముసలివై పోయిన ఏడు ఒక్కసారిగా ఖాళీ తెలుస్తుంది.

అలా ఖాళీ అయిపోయిన చుట్టం ఒకటి ఉంది. బ్లాక్-బెల్లీడ్ టర్న్. ఇదీ నదుల పక్షే, ఇసుక తిన్నెల మీదే గుడ్లు పెట్టేదే. థాయిలాండ్, వియత్నాం లాంటి దేశాల్లో కనుమరుగైంది. మన దేశంలోనూ చాలా నదుల్లో అరుదైపోయింది. ఏప్రిల్ నెలలో గోదావరి మీద నల్ల పొట్ట టర్న్ చూశామని చెప్పేవాళ్ల ఫొటోలు చూస్తే చాలాసార్లు అది పెళ్లి బట్టల్లోకి మారిన విస్కర్డ్ టర్నే అవుతుంది. ఉత్తరానికి బయల్దేరే ముందు దాని పొట్ట కూడా నలుపు తిరుగుతుంది. తేడా ముక్కులో, తోకలో ఉంది. విస్కర్డ్‌ది ముదురెరుపు పొట్టి ముక్కు, కురచ తోక. బ్లాక్-బెల్లీడ్‌ది నారింజ రంగు సన్నని ముక్కు, లోతుగా చీలిన పొడవాటి తోక. ఈ రెండోదే నిజంగా కనబడితే మాత్రం ఫొటో, తేదీ, చోటు రాసి పక్షుల నమోదు వేదికల్లో పెట్టడం అవసరం. అది ఒక ఊరికి సంబంధించిన వార్త కాదు.

చంబల్ నది ఒడ్డున బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ చేసిన పని ఇక్కడ చెప్పుకోవాలి. టర్న్‌లకి దగ్గరి బంధువైన ఇండియన్ స్కిమ్మర్ గూళ్లని కాపాడటానికి ఒడ్డు గ్రామాల వాళ్లనే కాపలాకి పెట్టారు. కుక్కల్ని, పశువుల్ని తిన్నె మీదికి రానివ్వకపోవడమే ప్రధానమైన పని. స్కిమ్మర్ మనకి కొత్త పక్షి కాదు. కింది ముక్కు పైదానికంటే పొడవుండి, నీటిని గీసుకుంటూ ఎగిరే ఆ పక్షులు చంబల్‌లోనూ, కటక్ దగ్గర మహానదిలోనూ పిల్లల్ని చేసుకుంటే, చలికాలానికి గుంపులుగా దిగే చోట్లలో కాకినాడ తీరం ఒకటి. వాటిని చూడటానికి దూర రాష్ట్రాల నుంచి కెమెరాలు మోసుకుని వస్తారు. ఆ తీరానికి సుమారు అరవై కిలోమీటర్ల దూరంలో, గోదావరి మీద, అలాంటి తిన్నెల మీదే గుడ్లు పెట్టే పక్షి కోసం ఒక కాపలాదారుని పెట్టడానికి పెద్ద ఖర్చవదు. లంకల్లో పడవ నడిపేవాళ్లకి ఏ తిన్నె ఏ నెలలో తేలుతుందో ఏ శాఖకంటే బాగా తెలుసు.

2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు. 2015లో వచ్చినట్టే ఊరి మీదికి కోట్లలో జనం వస్తారని అంచనాలు. స్నానాల రోజులకి టర్న్ పిల్లలు ఎగిరిపోయి ఉంటాయి, దాంతో పేచీ లేదు. ఘాట్ల పనులు, రేవుల విస్తరణ, వాటికి కావలసిన ఇసుక, రాళ్లు, బాటలు... ఇవన్నీ మాత్రం ముందు వచ్చే ఎండాకాలంలోనే, గూళ్ల నెలల్లోనే సాగుతాయి. పనుల జాబితా తయారు చేసేవాళ్లు ఒక్కసారి ఫిబ్రవరిలో నది మీద పడవలో తిరిగి, జంటలు కడుతున్న తిన్నెలు ఏవో గుర్తు పెట్టుకుంటే పనీ ఆగదు, పక్షీ చెదరదు.

చూడాలనుకునేవాళ్లకి రాజమండ్రి అంత సులువైన ఊరు ఇంకోటి లేదు. ఊరు నదికి తూర్పున ఉంది కాబట్టి కోటిలింగాల రేవు, పుష్కర ఘాట్, గౌతమీ ఘాట్ అన్నీ పడమర ముఖం. పొద్దున్నే వెళ్తే ఎండ వీపున పడి పక్షి రంగులు తేటగా కనిపిస్తాయి. సాయంత్రం హారతి వేళ కళ్లలోకే సూర్యుడు, నల్లటి నీడలు తప్ప ఏమీ తెలియవు. సాయంత్రమే తీరికైతే వంతెన దాటి కొవ్వూరు గోష్పాద రేవుకి పోవడం మేలు. అక్కడ అంతా తిరగేసి ఉంటుంది. జాలర్లు నీటిలో పాతిన వెదురు గెడల్ని ముందు వెతకాలి, టర్న్‌కి వాలడానికి అవంటే ఇష్టం. ఇక తప్పనిసరిగా చూడవలసింది ధవళేశ్వరం బ్యారేజీ. గేట్ల కింద నీరు సుడి తిరిగే చోట చిన్న చేపలు పైకి తేలతాయి. వాటి మీద రివర్ టర్న్‌లు వరస కట్టి, ఒకదాని తర్వాత ఒకటి పడుతుంటాయి. ఎక్కడ పక్షులు పడుతున్నాయో చూసి వల విసిరే జాలరి కూడా కిందనే ఉంటాడు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్తే విస్కర్డ్, గల్-బిల్డ్, రివర్ టర్న్ మూడూ ఒకే ఉదయంలో దొరికే అవకాశం ఉంది. లిటిల్ టర్న్ కోసం మార్చి తర్వాత మళ్లీ రావాలి. బంగాళాఖాతంలో తుపాను తీరం దాటిన మర్నాడు తీరిక ఉంటే నది ఒడ్డుకి ఒకసారి పోయి చూడండి. సముద్రం మధ్యలో తప్ప కనిపించని సూటీ టర్న్ లాంటివి గాలికి కొట్టుకుని లోపలి నీళ్లకి చేరిన సందర్భాలు దేశంలో చాలా చోట్ల నమోదయ్యాయి. బ్యారేజీ మీద బండి ఆపడానికి చోటు తక్కువ, లారీల రద్దీ ఎక్కువ. ధవళేశ్వరం వైపు కాటన్ మ్యూజియం దగ్గర ఆపి నడిచి వెళ్లండి. 8×42 బైనాక్యులర్ ఉంటే ఒడ్డున నిలబడే ముక్కు రంగు చెప్పేయవచ్చు, తిన్నె మీదికి పడవ అక్కర్లేదు.